మఖమల్ పట్టీ గౌను

ఆ మేడమీది ఇంట్లో ఎవరు ఎవరిని మోసం చేసినట్టు? ఇన్నేళ్ళయినా ఈ ప్రశ్నకు జవాబు దొరకలేదు. టైలరమ్మను అడిగితే మెడలోని టేపు తీసి వేలికి చుట్టుకుంటూ కూర్చుంటుంది గాని పెదవి విప్పదు. చెప్పగలిగిన మనిషి కాజాలక్క ఒక్కతే. ఆవిడ ఎవరికీ చెప్పలేదు. కనుక తెలిసినంతవరకే చెప్పుకోవాలి.

కాజాలక్క అన్నది తల్లిదండ్రులు పెట్టిన పేరు కాదు, చేతిపని తెచ్చిపెట్టిన పేరు. టైలరమ్మ షాపులో కాజాలు కుట్టడం, బొత్తాలు వెయ్యడం, అంచులు మడిచి చేతికుట్టు వెయ్యడం ఆవిడ పని. ఇరవై ఆరేళ్ళుగా అదే పని. షాపు రైలుపెట్టెలాగా పొడుగ్గా, ఇరుగ్గా ఉండేది. ముందు అద్దాల తలుపు, దాని పక్కన వీధివైపు కిటికీ. కిటికీ కింద ముక్కాలిపీట మీద కాజాలక్క, లోపల మిషను మీద టైలరమ్మ, ఇద్దరికీ మధ్య కత్తిరింపు బల్ల. ఒకరినొకరు "వదినా" అని పిలుచుకునేవారు. చుట్టరికం వెతికితే ఏడు తరాల్లోనూ కనపడదు. దెప్పిపొడుచుకోవడానికి వీలైన వరస అని ఇద్దరూ కలిసి ఎంచుకున్నారంతే.

"బట్టకి చిల్లు పెట్టడం ఎలక్కీ వచ్చు వదినా," అనేది కాజాలక్క దారం పంటితో తెంపుతూ. "ఆ చిల్లు పెరక్కుండా చుట్టూ కాపలా పెట్టడమే కాజా."

"చాల్లే, ఎలకతో పోటీ ఒకటి. కోటుకి ఇంకా మూడున్నాయి."

మొగుడి సంగతి ఎవరైనా ఎత్తితే నవ్వేసేది. పెళ్ళయిన నాలుగో ఏట, గొడుగు బాగుచేయించుకొస్తానని వెళ్ళిన మనిషి మళ్ళీ రాలేదు. "ఇంకా వాన తగ్గలేదేమో," అనేది. పిల్లల్లేరు. రెండు వీధుల అవతల ఒక గది, ఒక మంచం, గోడకి ఒక అద్దం. నలభై ఒకటో ఏడు వచ్చేదాకా అక్షరం ముక్క రాదు.

అక్షరాలు నేర్పింది టీచరుగారు. అదే వీధి చివర, మూతపడిన ఫొటో స్టూడియో పైన మేడమీద ఉండేది. బడిలో పాఠాలు చెప్పి రిటైరైన మనిషి. పెళ్ళి చేసుకోలేదు, ఇంట్లోవాళ్ళ సంగతి ఎప్పుడూ ఎత్తేది కాదు. ఒకరోజు బొత్తం వేయించుకోవడానికి వచ్చి, తన చేతిలోని నవల అట్టమీద బొమ్మను కాజాలక్క కన్నార్పకుండా చూడటం గమనించింది. ఆ మరుసటి గురువారం మధ్యాహ్నం మూడింటికి పలకా బలపమూ కాకుండా ఒక డిటెక్టివ్ నవల పట్టుకొచ్చి ముక్కాలిపీట పక్కన కుర్చీ వేసుకుంది.

"చిన్నపిల్లల పుస్తకమేదైనా మొదలుపెట్టచ్చు కదండీ," అంది టైలరమ్మ.

"నీతికథ చదివితే నిద్రొస్తుందమ్మా. చంపిందెవరో తెలియకపోతే నిద్రపట్టదు. ఈవిడకి నిద్రపట్టకూడదు," అంది టీచరుగారు.

అన్నట్టే అయింది. రెండేళ్ళు తిరిగేసరికి కాజాలక్క పైకి చదువుతూంటే టైలరమ్మ మిషను తొక్కేది. శవం దొరికే చోట మిషను తనంతట తనే ఆగిపోయేది. హంతకుడు ఎవరో ముగ్గురూ పందెం వేసుకునేవారు. టైలరమ్మ ప్రతిసారీ డాక్టర్నే అనుమానించేది. చదువుకున్నవాడు కదా, తెలివిగా చంపుతాడని ఆవిడ లెక్క. కాజాలక్క మాత్రం మొహాలు పట్టించుకునేది కాదు. "చొక్కా చేతికి బొత్తం ఊడిందని మూడో పేజీలో రాశారు. మళ్ళీ ఎక్కడా ఆ మాటే ఎత్తలేదు. వాడే," అనేది. నూటికి తొంభైసార్లు వాడే అయ్యేవాడు. టీచరుగారు కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ, "మనిషి అబద్ధమాడినా బట్ట ఆడదని నాకు ఇన్నేళ్ళూ తెలియలేదు," అని మురిసిపోయేది. వారంలో మిగతా ఆరు రోజులూ కాజాలక్క ఆ గురువారం కోసమే బతికేదని టైలరమ్మకు తెలుసు. తెలుసని ఎప్పుడూ అనలేదు.

చలి మొదలైన నెలలో ఒక గురువారం టీచరుగారు రాలేదు. పై గురువారమూ రాలేదు. మూడో వారం ఆవిడ తమ్ముడు వచ్చాడు, చేతిలో ఒక సంచి.

సంచిలోంచి తీసింది టైలరమ్మ తన చేత్తో కుట్టిన గౌనే. కాఫీపొడి రంగు ఉన్నిగుడ్డ, చీలమండలదాకా పొడుగు, చేతుల చివర జానెడు వెడల్పున ముదురు ఎరుపు మఖమల్ పట్టీ. నాలుగు చలికాలాలుగా టీచరుగారి ఒంటిమీద చూసిన గౌను.

"చిన్నక్కకి వదులైందండీ. ఇదిగో కొలతలు," అని చీటీ ఇచ్చాడాయన. సన్నగా, వంగి, ఎప్పుడూ ఎవరికో దారి ఇస్తున్నట్టు పక్కకి ఒరిగి నిలబడే మనిషి.

"ఒంట్లో బాలేదా?" అంది కాజాలక్క పీట మీంచే.

"ఆఁ... అదే. తీసేసిన బట్ట లోపల ఉంచకండి, కోసెయ్యండి. ఒత్తుకుంటుంది."

నడుం రెండంగుళాలు, చేతులు అరంగుళం తగ్గించమని చీటీ. టైలరమ్మ తగ్గించింది, కాని బట్ట కొయ్యలేదు. ఆ చేతికి పని నేర్పిన అత్తగారు మొట్టమొదట చెప్పిన మాట అది: చిక్కిన ఒళ్ళు మళ్ళీ వస్తుంది, బట్ట కోస్తే ఆ ఒంటికి తిరిగొచ్చే దారి మూసేసినట్టు. ఎవరు చెప్పినా టైలరమ్మ కోసేది కాదు. మడిచి, లోపల కనపడకుండా చేతికుట్టు వేయించేది.

నెల తిరక్కుండా అదే గౌను మళ్ళీ వచ్చింది. ఈసారి నడుం ఇంకో రెండంగుళాలు, చేతులు అంగుళం. "బట్ట కోసెయ్యండి," అన్నాడు తమ్ముడు మళ్ళీ.

"ఒళ్ళు మళ్ళీ వస్తే?" అంది టైలరమ్మ.

"రాదండీ," అన్నాడు. ఆ మాట చెప్పిన తీరు టైలరమ్మకు నచ్చలేదు. వాన రాదు, బస్సు రాదు అన్నట్టు చెప్పాడు.

ఆయన వెళ్ళాక కాజాలక్క గౌను తిరగేసి లోపలి కుట్లు చూస్తూ కూర్చుంది. "నాలుగంగుళాలు వదినా. రెండు నెలల్లో. మనిషి కొవ్వొత్తిలా కరుగుతోంది."

"చూసి రాకపోయావా?"

"రెండుసార్లు వెళ్ళాను. మెట్ల మీదే ఆపేశాడు. నిద్రపోతోందట. మధ్యాహ్నం పన్నెండింటికి నిద్ర, సాయంత్రం అయిదింటికి నిద్ర. పళ్ళిస్తే తీసుకుని తలుపేశాడు. గడియ పెట్టిన చప్పుడు కూడా వినపడింది."

"రోగిష్టి మనిషి, పడుకోదా ఏం?"

"టీచరుగారు పగలు పడుకునే మనిషా? ఎవరింట్లోనైనా ఎవరైనా పగలు కునుకు తీస్తే, విషం పెట్టారేమోనని అనుమానించే మనిషి." నవ్వబోయి మానేసింది. "తిండి పెట్టడం లేదేమో వదినా."

ఆ మాట షాపులో ఉండిపోయింది. తలుపు తీసినా పోలేదు. అప్పటినుంచి నవల చదవడం ఆగిపోయింది. చదవమంటే, "మన వీధిలోదే తేలలేదు," అనేది కాజాలక్క. కాజా కుట్టినప్పుడల్లా మేడవైపు చూసేది. కిటికీలోంచి ఆ ఇంటి మొదటి గది కర్టెను మాత్రం కనపడేది.

ఒక సాయంత్రం, మంచు దిగి వీధి దీపాలు పెందలాడే వెలిగిన రోజున, కాజాలక్క గొంతు మారిపోయి పిలిచింది. "వదినా, ఇటు రా."

మేడమీద కర్టెను పక్కకి జరిగి ఉంది. వెనక దీపం వెలుగుతోంది. దీపానికి అడ్డంగా గౌను నిలబడింది. రంగు తెలియకపోయినా ఆ కోత టైలరమ్మ చేతిది. మరో గౌనుకు అలా ఉండదు. మొహం చీకట్లో ఉంది. కాజాలక్క చెయ్యెత్తి ఊపింది. పైన గౌను కదల్లేదు. కాజాలక్క తలుపు తీసుకుని వీధిలోకి పరుగెత్తి, దీపం కింద నిలబడి రెండు చేతులూ ఊపింది. గౌను రెండడుగులు వెనక్కి వేసింది. వెయ్యడంలో ఏదో తేడా ఉంది. భయపడిన మనిషి వెనక్కి తగ్గినట్టు ఉంది తప్ప, తెలిసిన మనిషిని చూసి సిగ్గుపడి తగ్గినట్టు లేదు. కర్టెను మూసుకుంది.

కాజాలక్క లోపలికి వచ్చి సూది తీసుకుంది. సూదిలో దారం ఎక్కించలేకపోయింది. అప్పటిదాకా ఆవిడ దారం మొదటిసారికే ఎక్కించకపోవడం టైలరమ్మ చూడలేదు.

"నన్ను గుర్తుపట్టలేదు వదినా."

"చీకటి కదా."

"నేను దీపం కిందే ఉన్నాను."

మూడో నెలలో గౌను మూడోసారి వచ్చింది. చీటీ బల్లమీద పెట్టి తమ్ముడుగారు నిలబడకుండా వెళ్ళిపోయాడు. టైలరమ్మ కళ్ళజోడు పెట్టుకుని కొలతలు చదివింది. చేతులు మళ్ళీ అంగుళం. నడుం మళ్ళీ అంగుళం. చివర్న: భుజం పదమూడున్నర.

టేపు తీసి గౌను భుజం కొలిచింది. పదిహేను. చీటీ మళ్ళీ చూసింది. గౌను బల్లమీద పరిచి భుజం మళ్ళీ కొలిచింది.

"ఏమైంది?" అంది కాజాలక్క.

"మనిషి చిక్కితే ఏం తగ్గుతుంది?"

"ఇదేం పరీక్ష? నడుం తగ్గుతుంది. ఛాతీ తగ్గుతుంది. చెయ్యి సన్నబడుతుంది."

"భుజం?"

కాజాలక్క సూది ఆగింది.

"కండ కరుగుతుంది వదినా," అంది టైలరమ్మ మెల్లిగా. "ఎముక కరగదు. ఎంత మంచాన పడ్డా భుజం అంగుళమున్నర లోపలికి రాదు. ముందు రెండుసార్లూ నేను నడుమే చూశాను. చిక్కిపోతోంది పాపమనుకున్నాను. అందరూ చిక్కుతారు కదా, అదే చేతి అలవాటు. ఒళ్ళు ఒకటే, కొలత మారుతోందనుకున్నాను. కొలతలు కాదు, ఒళ్ళే మారుతోంది."

"అంటే ఆ గౌనులో ఉన్నది..."

"టీచరుగారు కాదు."

వీధిలో ఎవరో సైకిలు గంట కొట్టుకుంటూ పోయారు. ఆ చప్పుడు సద్దుమణిగాక కాజాలక్క అడిగింది: "మరి టీచరుగారు ఎక్కడ?"

ఇద్దరికీ అప్పటిదాకా చదివిన నవలలన్నీ ఒక్కసారి గుర్తుకొచ్చాయి. అవి అప్పుడు సరదాగా లేవు.

"పోలీసులకి చెబుదామా?" అంది టైలరమ్మ.

"ఏమని? భుజం అంగుళమున్నర తగ్గింది, వచ్చి పట్టుకోండి అనా? మనల్నే పట్టుకెళతారు." కాజాలక్క పీటమీంచి లేచింది. "ఆ లోపలికి నేను వెళ్ళాలి. బతికుంటే చూడాలి. లేకపోతే... లేదని అయినా తెలియాలి. గొడుగువాడి కోసం ముప్ఫై ఏళ్ళు ఏమీ తెలియకుండానే కూర్చున్నాను. ఇంకోసారి నా వల్ల కాదు."

నవ్వుతూ తప్ప ఆ మాట ఎత్తని మనిషి నవ్వకుండా అనడం అదే మొదలు. టైలరమ్మ గౌను ముందుకు లాక్కుంది. నడుమూ భుజాలూ మిషనుమీద తగ్గించి, చేతులు మాత్రం కచ్చాకుట్టు మీద వదిలేసింది. తెల్లదారంతో పొడుగు పొడుగు అంగల కుట్టు, లాగితే ఊడివచ్చేది. కచ్చాకుట్టు ఉన్న బట్ట ఒంటిమీద చూడందే పూర్తి చెయ్యరని కుట్టుపని తెలిసిన ఎవరైనా ఒప్పుకుంటారు. తెలియనివాడు ఎదురు చెప్పలేడు.

మరునాడు మధ్యాహ్నం మూడున్నరకు ఇద్దరూ మెట్లెక్కారు. ఫొటో స్టూడియో దుమ్ముపట్టిన అద్దంలో ఎవరివో పెళ్ళి ఫొటోలు వెలిసిపోయి, మొహాలు పోయి, బట్టలు మాత్రం మిగిలి ఉన్నాయి. టైలరమ్మ అటు చూడకుండా నడిచింది.

తలుపు రెండు వేళ్ళ సందు తెరుచుకుంది.

"చేతులు కచ్చాకుట్టు మీద ఉన్నాయండీ," అంది టైలరమ్మ. "ఒంటిమీద ఒకసారి చూసి వెళ్ళిపోతాం."

"ఒంటిమీదా? కొలతలిచ్చాను కదా."

"ఇచ్చారు. భుజం కూడా ఇచ్చారు," అంది కాజాలక్క. "టీచరుగారి భుజం నాకు తెలుసండీ. ఏడేళ్ళు ఆ భుజం పక్కనే కూర్చుని చదువుకున్నాను."

గుమ్మడికాయ దొంగంటే భుజాలు తడుముకున్నట్టు, ఆయన చెయ్యి నిజంగానే తన భుజం మీదికి వెళ్ళింది. మరోసారైతే ఇద్దరికీ నవ్వొచ్చేది. ఆయన మొహం చూశాక రాలేదు. పట్టుబడిన దొంగ మొహంలా లేదు. బరువు దించుకోవడానికి చోటు దొరికిన కూలీ మొహంలా ఉంది. తలుపు పూర్తిగా తీసేశాడు.

ముందు గదిలో పుస్తకాల బీరువా, రెండు కుర్చీలు. దుమ్ము లేదు. ఆయన బీరువాలోంచి ఒక కాగితం తీసి కాజాలక్క చేతిలో పెట్టాడు. "మీరు చదవగలరని అక్క చెప్పేది."

ఆ చేతిరాతలోనే కాజాలక్క అక్షరాలు దిద్దుకుంది. పొరపాటు పడే వీల్లేదు. పైకి చదివింది, నవల చదివినట్టే, తడబడకుండా. "తమ్ముడూ, నాకు అరవై ఆరేళ్ళు. ముప్ఫై ఏళ్ళుగా పెద్దక్క చెయ్యి నా చేతిలోనే ఉంది. ఇక మిగిలిన నాలుగు రోజులు నా చెయ్యి నాకు కావాలి. ఎక్కడికన్నది రాయను, రాస్తే నువ్వొస్తావు. అక్కకు చెప్పి వెళ్ళే ధైర్యం నాకు లేదు. గౌను వదిలి వెళుతున్నాను."

కాగితం అటూ ఇటూ తిప్పి చూసింది. వెనక ఏమీ లేదు.

"నా గురించి ఏమైనా... విడిగా?"

"లేదమ్మా," అన్నాడాయన నేలచూపులు చూస్తూ.

కాజాలక్క కాగితం మడత మీద మడత పడేలా సరిగ్గా మడిచి తిరిగి ఇచ్చేసింది. తను వెతికిన మనిషి బతికే ఉంది. ఆ సంతోషం మొహంలోకి రాకముందే, వెనకనుంచి మరేదో వచ్చి దాన్ని కప్పేయడం టైలరమ్మ చూసింది.

తర్వాత ఆయన చెప్పింది ఇదీ. లోపలి గదిలో ఉన్నది వాళ్ళ పెద్దక్క, ఆవిడకు చూపు లేదు. వినికిడి కూడా చెవి దగ్గర నోరు పెట్టి అరిస్తే తప్ప లేదు. అందుకే గొంతులన్నీ ఆవిడకు ఒక్కటే. చెల్లెలు వెళ్ళిన రోజునుంచి నాలుగు రోజులు నోట్లో మెతుకు పెట్టలేదు. చేతులు ముందుకు చాచి గాల్లో తడుముతూ కూర్చుంది. అయిదో రోజు సాయానికి వచ్చిన ఆయా చలికి తట్టుకోలేక, కొక్కేనికి వేలాడుతున్న గౌను తొడుక్కుని అన్నం పెట్టబోయింది. పెద్దక్క వేళ్ళకు మఖమల్ పట్టీ తగిలింది. పట్టుకుంది. తిన్నది. "నేను ఏమీ అబద్ధం చెప్పలేదండీ," అన్నాడాయన. "నిజం చెప్పలేదు, అంతే. అలా ఒకరోజు గడిచింది. తర్వాత గౌను జారిపోతుంటే మీ దగ్గరికి తెచ్చాను. ఆ ఆయా నెలలో మానేసింది. ఇంకొకావిడ వచ్చింది. ఆవిడా మానేసింది. మూడో ఆవిడ నిన్న, నేను గౌను మీకిచ్చి వచ్చేలోగా వెళ్ళిపోయింది."

"ఎందుకు మానేస్తున్నారు?"

"అక్క ఏమీ అనదు. పట్టీ పట్టుకుని కూర్చుంటుంది, గంటలకొద్దీ. 'అద్దంలో చూసుకుంటే నేను నాకు కనపడటం లేదు బాబూ' అంది మొదటావిడ. మిగతా ఇద్దరూ కారణం చెప్పలేదు." ఆయన గొంతు తగ్గించాడు, వినే మనిషి లేకపోయినా. "నిన్నటినుంచి మళ్ళీ తినడం లేదు."

లోపలి గదిలో చేతికర్ర నేలమీద రెండుసార్లు తగిలింది.

"చిన్నీ," అని పిలుపు. ముసలి గొంతు కాదు. శుభ్రంగా, ఓపిగ్గా ఉంది, పక్క గదిలో మనిషి ఉందని ఖాయంగా తెలిసినట్టు. "చిన్నీ, వచ్చావా?"

మళ్ళీ కర్ర తగిలింది. కాజాలక్క తన కోటు విప్పి కుర్చీ మీద వేసింది. "వదినా, తొడుగు."

"ఏం చేస్తున్నావు?"

"ఒంటిమీద చూడాలన్నావుగా. తొడుగు."

టైలరమ్మ తొడిగింది. తొడుగుతున్నప్పుడే వేళ్ళకు తెలిసిపోయింది. ఎక్కడా లాగలేదు, ఎక్కడా వేలాడలేదు. మెడ వెనక బొత్తం పెట్టి చెయ్యి తీసేసరికి, తలుపు వెలుగులో వెనకనుంచి నిలబడ్డది కాజాలక్క కాదు. టైలరమ్మ ఒక అడుగు వెనక్కి వేసింది. నోటిదాకా వచ్చిన "టీచరుగారూ" అన్న పిలుపును మింగేసింది.

లోపల కిటికీ పక్క కుర్చీలో పెద్దక్క కూర్చుని ఉంది. నిటారుగా, తల దువ్వుకుని, ఒళ్ళో చేతిరుమాలు పరుచుకుని. కాజాలక్క వెళ్ళి ఎదురుగా పీటమీద కూర్చుంది. చాచిన చేతులు గాల్లోంచి దిగి మఖమల్ పట్టీ మీద వాలాయి. టైలరమ్మ గుమ్మంలోనే నిలబడిపోయింది.

పెద్దక్క బొటనవేలు పట్టీమీద నెమ్మదిగా అడ్డంగా కదిలింది. ఒకచోట ఆగింది. కాస్త జరిగి మళ్ళీ ఆగింది. మళ్ళీ జరిగి, మళ్ళీ. తమ్ముడికి అది ముసలివాళ్ళ చేతి అలవాటుగా కనపడి ఉంటుంది. టైలరమ్మకు మాత్రం ఆ వేలు ఎక్కడెక్కడ ఆగుతోందో తెలిసింది. మఖమల్‌మీద విప్పేసిన కుట్టు ఆనవాలు పోదు. నూగు అక్కడ అణిగిపోయి, సూది పడ్డచోటల్లా సన్నని గుంట మిగులుతుంది. కంటికి కనపడకపోవచ్చు. ఆ వేలు ఆగినచోటల్లా తను వేసి విప్పిన కుట్టు ఉంది. మొదటి కుట్టు టీచరుగారిది. తర్వాత ఒకరిది. తర్వాత ఇంకొకరిది. బట్ట కోసెయ్యమంటే తను కొయ్యలేదు. కోసి ఉంటే ఆ గుర్తులు అక్కడ ఉండేవి కావు.

వేలు చివరికి కచ్చాకుట్టు దగ్గరకొచ్చి, వదులుగా ఉన్న దారం ఉచ్చు కిందికి దూరింది.

"ఇది ఇంకా పూర్తి కాలేదేం?" అంది పెద్దక్క.

కాజాలక్క వంగి ఆవిడ చెవి దగ్గర, "రేపు పూర్తవుతుంది," అంది.

పెద్దక్క చేతులు పట్టీ దాటి వేళ్ళమీదికి వచ్చాయి. ఇరవై ఆరేళ్ళ సూదిపోట్లు పడి గరుకెక్కిన వేలికొసలను ఒక్కొక్కటే తడిమి చూశాయి. పుస్తకాలు తిప్పిన టీచరు వేళ్ళు అలా ఉండవు. కళ్ళున్నవాళ్ళకు కూడా తెలిసిపోయే తేడా అది.

"ఈ చేతులు వెచ్చగా ఉన్నాయి," అంది పెద్దక్క. మళ్ళీ పట్టీ పట్టుకుని, "ఆకలేస్తోంది," అంది.

తమ్ముడు పరుగెత్తుకెళ్ళి పళ్ళెం తెచ్చాడు. కాజాలక్క పెట్టింది. ఆవిడ తిన్నది, ఎడమచెయ్యి పట్టీమీదే ఉంచి, చివరి ముద్దదాకా.

కిందికి దిగుతూ మెట్ల మలుపులో టైలరమ్మ ఆగింది. గౌను ఆవిడ చేతిమీద ఉంది. చేతులు మిషనుమీద కుట్టాలి కదా. "ఆవిడ లెక్కపెడుతోంది వదినా. ఎంతమందో ఆవిడకి తెలుసు."

"ఏమో."

"తెలిసీ ఎందుకు ఊరుకుంటుంది?"

"తమ్ముడు సంతోషిస్తాడనేమో. నాకేం తెలుసు? నన్ను మాత్రం పట్టుకున్న చెయ్యి వదల్లేదు. విడిపించుకోవాల్సి వచ్చింది." అరచెయ్యి తెరిచి చూసుకుంది. "నన్ను ఎవరైనా అంతసేపు పట్టుకుని ఎన్నాళ్ళయిందో."

మరునాడు పొద్దున టైలరమ్మ చేతులు పూర్తి చేసి గౌను హేంగరుకి తగిలించింది. కాజాలక్క దాని అంచులు చూసి, బొత్తం ఒకటి బిగించి, మధ్యాహ్నం దాకా పని చేసుకుంది. తర్వాత లేచి వచ్చి టైలరమ్మ ముందు వెనుదిరిగి నిలబడింది.

"నా భుజం కొలిచి చూడు వదినా."

"ఎందుకు?"

"ఊరికే."

టైలరమ్మ కొలిచింది. టేపు మీది అంకె చూసి, పైకి చదవకుండా టేపు వదిలేసింది.

"వద్దు," అంది.

"నేనేమన్నాను?"

"ఏమీ అనకు. అనకుండా ఉన్నంతవరకు వద్దంటూనే ఉంటాను. ఆ ఇంట్లోకి వెళ్ళినవాళ్ళు వెళ్ళినట్టు తిరిగి రాలేదు. చూశావుగా, ముగ్గురు. వాళ్ళు పారిపోయారు, ఎందుకంటే వాళ్ళకి వెళ్ళడానికి వేరే ఇల్లుంది. నువ్వు పారిపోవు. నువ్వు నిన్ను మర్చిపోతావు అక్కడ. నీకు తెలియదా?"

కాజాలక్క నవ్వింది. "అబ్బ, ఇవాళ డాక్టర్ని వదిలేసి నామీద పడ్డావే," అని పీటమీదికి వెళ్ళి కూర్చుంది. కోటుకి ఏడు కాజాలు మిగిలి ఉన్నాయి. వాటిని ఎన్నడూ లేనంత దగ్గరగా, ఒకదాన్నొకటి రాసుకునే కుట్లతో కుట్టసాగింది.

టైలరమ్మ మిషను ఎక్కింది. పొడుగు కుట్టు, పరదాల అంచు. దాదాపు ఇరవై గజాలు. మిషను చప్పుడులో షాపు నిండిపోయింది. వీధిలో మంచు దిగింది. ఎప్పుడో ఒకసారి చల్లగాలి మెడకు తగిలినట్టనిపించింది. తలెత్తి చూసేసరికి పీట ఖాళీగా ఉంది. కోటు మడిచి బల్లమీద ఉంది, ఏడు కాజాలూ పూర్తయి. హేంగరు మీద గౌను లేదు. కాజాలక్క పాత కోటు దాని మీద తగిలించి ఉంది.

కిటికీలోంచి చూస్తే వీధి మధ్య కాఫీపొడి రంగు వీపు ఒకటి నడిచిపోతోంది. తొందర లేదు. తన గదికి తిరిగే సందు వచ్చింది; దాన్ని దాటేసింది. వెనకనుంచి చూస్తే అది ఎవరి నడకో చెప్పడం కష్టంగా ఉంది. చేతులు పక్కన వేలాడుతూ, ఎర్రటి పట్టీలు మంచులో రెండు మచ్చల్లా కదులుతున్నాయి. టైలరమ్మ పాదం మిషను మీదినుంచి తియ్యలేదు. ఆపితే పిలవాల్సి వస్తుంది. ఫొటో స్టూడియో పక్కన మెట్ల చీకటిలోకి ముందు గౌను అంచు, తర్వాత వీపు, చివరికి పట్టీలూ వెళ్ళిపోయాయి.